బోల్టు పెట్టెలో ఉంది

మా పడకగదిలో ఒక ఇనుప బీరువా ఉంది. దాన్ని లోపలి నుంచి నాలుగు పెద్ద మరలతో గోడకు బిగించాం. ఎత్తుకుపోవాలంటే గోడను కూడా ఎత్తుకుపోవాలి. అందులో నా కూతురి తుపాకి ఉంటుంది.

ఆ మాట రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి కొంచెం ఆగుతుంది. కరీంనగర్‌లో మా వీధివాళ్లు దాన్ని ఆటల తుపాకి అంటారు. యాభై మీటర్ల దూరంలో కాగితం మీద గీసిన వలయాలను కొట్టే రైఫిల్ అది. ఒకసారికి ఒక్క గుండే పడుతుంది. ప్రతి గుండుకూ వెనక ఉన్న బోల్టును పిడి పట్టి లేపి, వెనక్కి లాగి, గుండు పెట్టి, మళ్లీ ముందుకు తోసి మూయాలి. ఆ బోల్టు జానెడు పొడుగున్న ఉక్కు కడ్డీ. బొటనవేలంత లావు, పక్కకు ఒక చిన్న పిడి. దాన్ని పూర్తిగా బయటికి లాగేస్తే మిగిలేది ఒక గొట్టం, ఒక కర్ర. బోల్టు లేని రైఫిల్ పేలదు. మా ఇంటి జాగ్రత్త అంతా ఈ ఒక్క సంగతి మీదే నడిచేది.

కూతురు కాలేజీలో ఆటలు నేర్పుతుంది. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో తుపాకి పట్టింది, మళ్లీ వదల్లేదు. లైసెన్స్ కోసం ఆమె తిరుగుతున్న ఏడాదంతా అది రాకూడదనే నేను కోరుకున్నాను.

"బాపు, నా తుపాకి పిట్టను గూడ కొట్టది. కాయితాన్ని కొడ్తది" అనేది.

"కాయితాన్ని కొట్టేదానికి మనిషి గూడ కాయితం తీరే అగుపడ్తడు బిడ్డా" అనేవాడిని.

నా భయానికి కారణం పాతది. పశువైద్య శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో తొలి ఏళ్లు ఇచ్చోడ చుట్టుపక్కల ఊళ్లలో గడిచాయి. టీకాల సీసాలు ఐసు డబ్బాలో పెట్టుకుని సైకిల్ మీద తిరిగేవాడిని. అడవిలోంచి వచ్చే తుపాకులూ, వాటిని వెతుకుతూ వచ్చే తుపాకులూ అవే బాటల్లో నడిచిన కాలం అది. ఒక పొద్దున ఒక వైపువాళ్లు నన్ను ఆపి డబ్బా తెరిపించారు. రెండు రోజులకు రెండో వైపువాళ్లు అదే మలుపులో ఆపి అదే డబ్బా తెరిపించారు. ఇద్దరూ ఒకే మాట అడిగారు. "ఎవలకు ఏం తీస్కపోతున్నవ్?"

రెండోవాళ్లు నన్ను ఠాణాకు తీసుకుపోయారు. సంచిలో నా డైరీ దొరికింది. ఒక అధికారి నన్ను ఎదురుగా నిలబెట్టి మూడు నెలల పేజీలు చదివాడు. ఏ ఊరిలో ఎన్ని ఎడ్లకు సూది వేశానో, ఎన్ని సీసాలు పగిలాయో, సైకిల్ ఎక్కడ పంక్చర్ అయిందో అన్నీ ఉన్నాయి. ఆయన రెండు ఊళ్లకు మనిషిని పంపి విచారించాడు. రాసింది రాసినట్టే తేలింది. సాయంత్రం డైరీ నా చేతిలో పెట్టి, "చూసిందే రాసినవ్. పో" అన్నాడు. నాతో పాటు ఆ రోజు అక్కడ నిలబడ్డ ఇంకొకరి దగ్గర డైరీ లేదు. ఆయన ఎప్పుడు ఇంటికి పోయాడో నాకు తెలియదు, అందుకే డైరీలో కూడా లేదు.

అప్పటి నుంచి కంటితో చూడనిది రాయను. రాసినదాన్ని కొట్టివేయను.

లైసెన్స్ వచ్చి రైఫిల్ ఇంటికి వచ్చిన రోజు నేను కొన్ని షరతులు పెట్టాను. కూతురు అన్నీ ఒప్పుకుంది. బీరువా తాళంచెవి ఆమె దగ్గర. బోల్టు వేరే గదిలో, వేరే పెట్టెలో, దాని తాళంచెవి నా మొలతాడుకు. గుండ్లు మూడోచోట. ఇద్దరం ఒప్పుకుంటే తప్ప ఆ మూడూ ఒకచోటికి రావు. బోల్టుకు నా పాత సూదుల పెట్టె ఇచ్చాను. ఉద్యోగంలో నాతో ముప్పై ఏళ్లు తిరిగిన స్టీలు పెట్టె అది. అందులో బోల్టు, నూనె సీసా, తుడిచే బ్రష్షులు పట్టేవి. తీసినప్పుడూ పెట్టినప్పుడూ గుండు కూర్చునే అరలోకి టార్చి వేసి ఖాళీగా ఉందని ఇద్దరం చూడాలి. టైము నేను రాయాలి, ఆమె సంతకం పెట్టాలి.

ఆమె ప్రాక్టీసుకు హైదరాబాద్ పోవాల్సి వస్తే కారులో నేనూ పోయేవాడిని. రైఫిల్ తాళం వేసిన గట్టి పెట్టెలో వెనక డిక్కీలో ఉండేది. సూదుల పెట్టె నా కాళ్ల దగ్గర. గుండ్లు ఆమె సంచిలో, తాళం కింద. లైసెన్స్ అసలు కాగితం ఆమె దగ్గర, నకలు నా జేబులో. దారిలో టీ తాగాలంటే ఒకరి తర్వాత ఒకరమే దిగాలి, కారు ఒంటరిగా ఉండకూడదు. సిద్దిపేట దాటేవరకు నేను మంచినీళ్లు కూడా తాగేవాడిని కాను, మధ్యలో దిగాల్సి వస్తుందని.

నా భార్య తమ్ముడు ఇచ్చోడ దగ్గర పత్తి, సోయా పండిస్తాడు. మా పద్ధతి చూసి నవ్వేవాడు.

"బావా, మీ ఇంట్ల తుపాకి ఒక్కటే, తాళాలు డజను. దొంగ అచ్చిండనుకో, తాళాలు చూసి పరేషానై ఆడ్నే పండుకుంటడు."

పోయిన దసరాకు అతను మా ఇంటికి వచ్చాడు. అక్క చేతి భోజనం తిని మధ్యాహ్నమే తిరిగిపోవాలి, అక్కడ సోయా నూర్పిడి నడుస్తోంది. జీపులో ట్రాక్టర్ సామాను ఉంది. నా భార్య ఆ సంగతి విని, "పండుగపూట పనిముట్లకు బొట్టు లేకుంట పోతవారా? తే, అన్నీ ఈడనే పెడుత" అంది. ఆయుధపూజకు హాలులో తెల్లదుప్పటి పరిచింది. తర్వాత మా గదిలోకి వచ్చింది.

"బీరువల ఉన్నది గూడ తియ్యుండ్రి."

"అది బయటికి రాదు" అన్నాను.

"ఇంట్ల ఆయుధం ఉండంగ ఆయుధపూజకు కత్తెర పెట్టాల్నా? అమ్మవారికి ఏం చెప్పాలె, తాళం పడ్డదని చెప్పాల్నా?"

కూతురు నవ్వింది. నేను ఓడిపోయాను. హారతి అయ్యేదాకా వీధి తలుపు మూసి ఉండాలని మాత్రం పట్టుపట్టాను. రైఫిల్‌ను దుప్పటి మీద పడుకోబెట్టారు. బోల్టును పెట్టెలోంచి నేనే తీసి ఇచ్చాను. పెద్ద వస్తువులు కింద, చిన్న సామానంతా ఒకే తాంబాళంలో పెట్టడం నా భార్య పద్ధతి. నా పాత సిరంజి, కత్తెరలు, బామ్మర్ది పానాలు, ట్రాక్టర్ చీలలు, వాటి మధ్య బోల్టు. అన్నిటికీ పసుపు పూసి కుంకుమ పెట్టింది. పూజలో ఉన్న వస్తువును హారతి కాకముందు కదిలించకూడదని మా ఇంట్లో పట్టింపు. అందుకని నేను తలుపుకు వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నాను. దాదాపు రెండు గంటలు ఆ తాంబాళం మీంచి చూపు తిప్పలేదు.

హారతి అయింది. కూతురూ నేనూ రైఫిల్‌ను గదిలోకి తీసుకుపోయాం. టార్చి వేసి చూశాం, ఖాళీ. బీరువా మూసింది, తాళం వేసింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఆ నాలుగైదు నిమిషాల్లో హాలులో బామ్మర్ది తాంబాళంలోని ఇనుప సామాను గోనెసంచిలోకి ఒంపుకున్నాడు. నా భార్య నూనె సీసా, బ్రష్షులు సూదుల పెట్టెలో పెట్టి మూత వేసింది. ఎవరి ఇల్లు వాళ్లు సర్దినట్టు ఎవరి వస్తువు వాళ్లు సర్దారు.

నేను బయటికి వచ్చేసరికి పెట్టె మూసి ఉంది. వీధి తలుపు తెరిచి పక్కింటివాళ్లు లోపలికి వస్తున్నారు. నేను పెట్టెకు తాళం వేశాను. లోపలి గదిలో పెట్టాను. డైరీ తీసి, "రైఫిల్ బీరువాలో ఉంది. బోల్టు పెట్టెలో ఉంది. తాళం వేశాను" అని టైముతో సహా రాశాను. కూతురు సంతకం పెట్టింది. నేను చూసింది పెట్టెను. రాసింది బోల్టును.

మూడో రోజు పొద్దున ఆమె ప్రాక్టీసుకు బయలుదేరింది. రాష్ట్ర పోటీలకు ఇంక పది రోజులే ఉన్నాయి. నేను పెట్టె తాళం తీసి ఇచ్చాను. ఆమె మూత ఎత్తి, బ్రష్షులు పక్కకు జరిపి, నా మొహం చూసింది.

"బాపు, ఇందుల లేదు."

"జరుగు, నేను చూస్త."

పెట్టె అడుగున పరిచిన బట్ట దులిపాను. పెట్టె బోర్లించాను. మూరెడు కూడా లేని పెట్టెలో జానెడు ఉక్కు ఎక్కడ దాక్కుంటుంది? అయినా మూడుసార్లు వెతికాను. మూడోసారి బ్రష్షులను ఒక్కొక్కటే బల్ల మీద పేర్చాను.

"నువ్వు రాసినవ్ గద బాపు" అంది. కోపం లేదు ఆ గొంతులో. "నువ్వు రాస్తె నేను మల్ల చూడను. ఎన్నడు చూడలే."

నా భార్య వంటింట్లోంచి వచ్చి, తాంబాళం గుర్తు చేసుకుని, "ఇనుప సామానంత తమ్ముడే సంచిల ఒంపుకున్నడు" అంది. బామ్మర్దికి ఫోన్ చేశాం. మోగలేదు. చేను దగ్గర సిగ్నల్ ఉండదు. మళ్లీ మళ్లీ చేశాం.

ఆ గంటలో నా బుర్రలోకి రాని ఊహ లేదు. సంచి జీపులోంచి దారిలో పడి ఉంటుంది. పాత ఇనుము కొనేవాడి బుట్టలో ఉంటుంది. ఎవరో గుర్తుపట్టి ఉంటారు, తుపాకి ముక్క అని ఠాణాలో ఇచ్చి ఉంటారు, బామ్మర్దిని ఈపాటికే కూర్చోబెట్టి ఉంటారు. ఆ ప్రాంతంలో, ఆ పాత రోజులు తెలిసిన మనుషుల మధ్య, అలాంటి వస్తువు ఒకరి సంచిలో బయటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. నా కూతురి లైసెన్స్ పోతుంది. కేసు కూడా కావచ్చు. రిటైరైన పశువుల డాక్టరు ఇంట్లోంచి తుపాకి సామాను బయటికి పోయిందని నాలుగు ఊళ్లలో చెప్పుకుంటారు. డైరీ టేబుల్ మీద తెరిచి ఉంది.

నా భార్య నా పక్కన కూర్చుంది. "గా ఒక్క లైను కొట్టెయ్యి. తమ్ముడు పొరపాటున తీస్కపోయిండు, ఆనాడే చూసినమని రాయి. ఎవలు చూసిండ్రు? పోయి తెచ్చుకుందాం, ఠాణా ఎందుకు?"

నేను కలం తీశాను. ఇది దాచను. మూత కూడా తీశాను. ఆ లైను మీద గీత గీస్తే దాని కింద ఒక కొత్త నిజం రాయవచ్చు, ఎవరికీ అనుమానం రాదు. నలభై ఏళ్ల డైరీలున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు? కానీ ఇచ్చోడ ఠాణాలో ఆ అధికారి ఒక్కో పేజీ తిప్పుతుంటే గదిలో వినబడిన చప్పుడు నాకు మళ్లీ వినబడింది. ఆ రోజు నన్ను ఇంటికి పంపింది ఆ పేజీలే. కలం మూత పెట్టి, చెప్పులు వేసుకున్నాను. "లైసెన్స్ తీస్కో బిడ్డా" అన్నాను.

ఠాణా మెట్లు నాలుగే. డైరీ చంకలో పెట్టుకుని కూతురి వెనకే ఎక్కాను. ఎస్సై వయసులో మా అమ్మాయి కన్నా చిన్నవాడే. అంతా విన్నాడు. డైరీ అడిగాడు. ఆ లైను మీద వేలు పెట్టి చదివాడు.

"సార్, బోల్టు పెట్టెల ఉన్నదని మీరే రాసిన్రు. లేదని మీరే చెప్తున్రు. నేను ఏది నమ్మాలె?"

"నేను చెప్పేది నమ్ముండ్రి. రాసింది తప్పు."

ఆ మాట నేను జీవితంలో మొదటిసారి అన్నాను.

అతను ఇంకో రెండు పేజీలు తిప్పాడు. "గింత పద్ధతిగా ఎవలు రాస్తరు సార్? మా కాడ గూడ ఇట్ల రాయరు" అన్నాడు. నవ్వాడేమో అనుకున్నాను, నవ్వలేదు. కూతురితో ఫిర్యాదు రాయించుకున్నాడు. బోల్టు దొరికేదాకా రైఫిల్, గుండ్లు ఠాణాలో ఉంచాలన్నాడు. మాతో పాటు మనిషి వచ్చి వాటిని తీసుకుని రసీదు ఇచ్చాడు. ఇచ్చోడ ఠాణాకు ఫోన్ చేసి, అక్కడికి పోయి వాళ్ల కానిస్టేబుల్‌తోనే బామ్మర్ది దగ్గరికి పొమ్మన్నాడు.

జగిత్యాల, నిర్మల్ మీదుగా కారులో బయలుదేరాం. డిక్కీ ఖాళీ. నా కాళ్ల దగ్గర ఖాళీ సూదుల పెట్టె. అయినా టీ కోసం ఆగినప్పుడు అలవాటు ప్రకారం ఒకరి తర్వాత ఒకరమే దిగాం. ఘాట్ ఎక్కుతుంటే పాత మలుపులు ఒక్కొక్కటే వచ్చాయి. రోడ్డు వెడల్పయింది, మలుపు దగ్గర ఇప్పుడు దాబా ఉంది. నేను మాత్రం ప్రతి చెట్టు వెనకా చూశాను. కూతురు స్టీరింగ్ వదలకుండా, "బాపు, మామను ఏమంటరు?" అని ఒక్కసారి అడిగింది. నేను ఠాణాలో ఇచ్చిన రసీదును మళ్లీ తీసి చదివాను.

మేము చేను చేరేసరికి ఎండ వాలింది. కానిస్టేబుల్ బండి మీద మా వెనక వస్తున్నాడు. సోయా పొట్టు గాలిలో ఎగురుతోంది. బామ్మర్ది ట్రాక్టర్ మీద ఉన్నాడు, వెనక బస్తాలు నింపిన ట్రాలీ. మమ్మల్ని చూసి ఇంజన్ ఆపి దూకాడు.

"బావా! చెప్పకుంట అచ్చిన్రు. ఏందీ, మేనకోడలు గూడ! జర నీడల కూసోండ్రి, చాయ్ తెప్పిస్త." అప్పుడు వెనక ఖాకీ కనిపించింది. తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"పండుగనాడు నీ సంచిల మా సామాను ఒకటి అచ్చింది. ఉక్కుది. పక్కకు పిడి ఉంటది" అన్నాను.

"గదా!" అని అతని మొహం వెలిగింది. "అది మీదా? నేను నాదే అనుకున్న. నిన్న ట్రాలీ చీల ఇరిగింది బావా, బస్తాలు నడిమిట్ల ఆగిపోయినయి. సంచిల చెయ్యి పెడితె గది దొరికింది. కొలిచి చేసినట్టు కూసున్నది. చూడుండ్రి!"

ట్రాక్టర్‌నూ ట్రాలీనీ కలిపే కొక్కెం దగ్గరికి లాక్కుపోయాడు. రెండు చెవుల మధ్య బెజ్జంలో నా కూతురి రైఫిల్ బోల్టు నిలబడి ఉంది. జారకుండా పిడి పైన ఆనింది. అంత బరువు ట్రాలీని నిన్నటి నుంచి అదే లాగుతోంది. పిడి మీద నా భార్య పెట్టిన కుంకుమ ఇంకా ఉంది.

"మామా, గది నా తుపాకి బోల్టు" అంది కూతురు.

అతను బోల్టును చూశాడు. కానిస్టేబుల్‌ను చూశాడు. తర్వాత ట్రాలీ చక్రానికి ఆనుకుని పొట్టులో కూలబడ్డాడు. డజను తాళాల మీద జోకులు వేసిన మనిషి, నా మోకాలు పట్టుకున్నాడు.

"నాకు ఎరుకలే బావా. అక్క మీద ఒట్టు. నన్ను తీస్కపోతరా?"

"ఎవలు తీస్కపోరు. లే."

"ఎనుకట మా చిన్నబాపును గూడ గిట్లనే అన్నరు. ఎవలు తీస్కపోరు అన్నరు, ఎనుకనే తీస్కపోయిన్రు."

నేను అతని పక్కన పొట్టులో కూర్చున్నాను. నా దగ్గర చెప్పడానికి ఒక్కటే ఉంది. "మొత్తం ఠాణాల చెప్పి అచ్చిన. తప్పు నాదని ఒప్పుకున్న. నీ పేరు మీద తప్పు లేదు." అతను కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ అవునన్నట్టు తల ఊపి, "లే మామా, ముందుగాల్ల ట్రాలీ కింద రాళ్లు పెట్టు, చీల తీస్తె ఎనుకకు ఉరుకుతది" అన్నాడు. ఆ మాటతో అతను లేచాడు.

బోల్టు బయటికి రావడానికి సుత్తి కావాల్సి వచ్చింది. ఒక్కో దెబ్బకూ కూతురు కళ్లు మూసుకుంది. చేతిలోకి తీసుకుని బట్టతో తుడిచి, వెలుతురుకు పట్టి తిప్పింది. ఒంటి మీద లోతైన గీతలు. ముందు భాగంలో ఖాళీ తూటాను పట్టి బయటికి లాగే చిన్న కొక్కి విరిగిపోయింది. ఆమె నాకు చూపించలేదు, నేనే చూశాను. కానిస్టేబుల్ కాగితం రాశాడు, బోల్టును మూట కట్టి సీలు వేశాడు.

ఆ పోటీకి ఆమె పోలేదు. కొత్త బోల్టు దొరకడానికి నెలలు పట్టింది. లైసెన్స్ మీద నోటీసు వచ్చింది, విచారణకు రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ నా డైరీ అడిగారు, రెండుసార్లూ ఆ లైను చదివించారు, రెండుసార్లూ తప్పు నాదని చెప్పాను. చివరికి రాతపూర్వకంగా హెచ్చరించి లైసెన్స్ ఉంచారు. ఈ మధ్యనే రైఫిల్ తిరిగి ఇంటికి వచ్చింది. నా భార్య ఈసారి బీరువా తలుపుకే బొట్టు పెడతానంది.

ఆ లైను ఇప్పటికీ డైరీలో అలాగే ఉంది. కొట్టివేయలేదు. మూడో రోజు పేజీలో అది తప్పని రాశాను. నా భయం మాత్రం చోటు మార్చింది. ఇదివరకు తుపాకికి భయపడేవాడిని. ఇప్పుడు నా చేతికి భయపడుతున్నాను. పాత డైరీలు తీసి చూసుకుంటాను. "అన్ని సీసాలూ సరిగా ఉన్నాయి" అని రాసిన పేజీలు ఎన్నో. వాటిలో ఎన్నిసార్లు మూత తెరిచి చూశానో, ఎన్నిసార్లు డబ్బాను మాత్రమే చూశానో చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు.

నిన్న కూతురు కొత్త బోల్టుతో ప్రాక్టీసు చేసి వచ్చింది. బోల్టు పెట్టెలో పెట్టి మూత వేసింది. నేను అలవాటుగా డైరీ తెరిచి టైము చూశాను. ఆమె పెట్టెను నా ముందుకు జరిపి మూత మళ్లీ తెరిచింది.

"పెన్ను కింద పెట్టు బాపు. ముందుగాల్ల ముట్టి చూడు."

పెన్ను కింద పెట్టాను. బోల్టు చల్లగా, నూనెతో జిగురుగా తగిలింది. ఆమె కూడా ముట్టింది. మూత వేసి తాళం తిప్పాక, అప్పుడు రాశాను.